పళ్ళ డాక్టరు కుర్చీ

మార్చి 4, సోమవారం

ఈ డైరీ మందుల షాపాయన ఇచ్చాడు. రెండు నెలలుగా కుంటి బీరువా కాలు కింద ఎత్తుకి పెట్టి ఉంచాను. ఇవాళ మా ఆవిడ దాన్ని లాగి నా చేతిలో పెట్టింది. “ఆ సణుగుడేదో ఇందులో సణుక్కోండి. పొద్దున్నించి సాయంత్రం దాకా జనం సణుగుడు వినడానికి నాకు జీతమిస్తున్నారు. ఇంట్లో ఉచితంగా వినలేను” అంది. ఆవిడ బస్టాండులో విచారణ కౌంటరులో మైకు ముందు కూర్చుంటుంది.

బీరువా ఇప్పుడు ఎడమ పక్కకి ఒరిగింది. నేను మాత్రం సణగడం లేదు. జరిగింది రాస్తున్నాను, అంతే.

ఎంత పనిమంతుడైనా తన జుట్టు తాను కత్తిరించుకోలేడు. అందుకని నెలలో మొదటి సోమవారం, షాపులకి సెలవు రోజు, నేనూ మా తోడల్లుడూ ఒకరి తల ఒకరం చూసుకుంటాం. ఒక నెల నా షాపులో, ఒక నెల వాడి సెలూన్లో. పధ్నాలుగేళ్ళుగా ఇదే పద్ధతి. మా ఆవిడా, వాళ్ళ చెల్లెలూ కూడా ఇంత క్రమంగా కలుసుకోరు.

ఇవాళ వాడి సెలూన్లో. అక్కడ నాలుగు కుర్చీలు, పనికి ముగ్గురు మనుషులు, ఎదురెదురుగా అద్దాలు. కూర్చుంటే నాలాంటివాళ్ళు వరసగా పదిహేను మంది కనిపిస్తారు. పదిహేను మందికీ నడినెత్తిన పలచబడుతోంది. వాడు నా మెడ వెనక సర్దుతూ సర్దుతూ, “అన్నయ్యా, నీ దగ్గర ఇంకా ఒక్క కుర్చీయేనా?” అన్నాడు.

అవునన్నాను.

అంతే జరిగింది. నాకేం బాధ లేదు. వాడికి కత్తెర పట్టుకోవడం నేర్పింది నేనే. మొదటి రోజు బొటనవేలు పెట్టాల్సిన చోట ఇంకేదో వేలు పెట్టి, తీయడం రాక, సాయంత్రం దాకా కత్తెరతోనే తిరిగాడు. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పడం లేదు, రాస్తున్నాను.

మార్చి 5, మంగళవారం

ఒక్క కుర్చీయేనా.

మార్చి 6, బుధవారం

నిన్నటిదే.

మార్చి 7, గురువారం

ఊరికే, ఏమీ తోచక, టేపు పట్టుకుని షాపు కొలిచాను. రెండో కుర్చీ పడుతుంది. బెంచీ ఒక్కటే అడ్డం.

నిజానికి అది బెంచీ కూడా కాదు. నాన్న పాత షాపు తలుపు ఊడదీసి దానికి కాళ్ళు కొట్టాడు. మధ్యలో తాళంచెవి కన్నం ఇప్పటికీ ఉంది. నా షాపులో చీటీలు లేవు, నంబర్లు లేవు. వచ్చినవాడు గుమ్మం వైపు కొసన కూర్చుంటాడు. కుర్చీ వైపు కొసనున్నవాడు లేవగానే అందరూ ఒక మనిషి మేర జరుగుతారు. తాళంచెవి కన్నం దాటితే సగం దూరం వచ్చినట్టు లెక్క. జరగగా జరగగా వంతు వస్తుంది. ఈ కాలంలో ఇలా జరుగుతూ కూర్చునేదెవరు?

పైగా ఆ బెంచీ మీద కూర్చునేవాళ్ళలో సగం మందికి కటింగ్ అక్కర్లేదు. లెక్కల మాస్టారే ఉన్నారు. ఎనిమిదో తరగతిలో నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసింది ఆయనే. రెండు చెవుల దగ్గరా కలిపి ఆయనకి ఒక పళ్ళ బ్రష్షుకి సరిపడా వెంట్రుకలుంటాయి. వారానికి నాలుగు రోజులు వస్తారు. జరుగుతూ జరుగుతూ కుర్చీ దాకా వస్తారు. వంతు రాగానే లేచి, పక్కవాడితో “నువ్వెళ్ళు నాయనా, నాకు తొందరేం లేదు” అని మళ్ళీ గుమ్మం వైపు కొసకి వెళ్ళి కూర్చుంటారు. నెలకొక్కసారి, అదీ షాపు కట్టేసే వేళకి, కుర్చీ ఎక్కుతారు. ఇలాగైతే వ్యాపారం ఎలా పెరుగుతుంది?

మార్చి 10, ఆదివారం

పక్క సందులో పళ్ళ డాక్టరు క్లినిక్ ఎత్తేస్తున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళు ఊరందరి నోళ్ళూ తెరిపించాడట, ఇక తన నోరు తెరుస్తాడట. పాట నేర్చుకుంటున్నాడు. ఆయన కుర్చీ ఎవరికీ అక్కర్లేదు. ఆకుపచ్చ రెక్సిను, ఇనప కాళ్ళు, కింద మీట, పైన దీపం, పక్కన పుక్కిలించి ఉమ్మడానికి చిన్న గిన్నె. “మోయగలిగినవాడిదే ఇది” అన్నాడు.

నలుగురం మోశాం.

“ఉచితంగా ఇస్తే ఫినాయిలైనా తాగేస్తారు మీరు” అంది మా ఆవిడ.

“ఫినాయిలు వేరు, కుర్చీ వేరు” అన్నాను.

“సరే, కుర్చీలు రెండయ్యాయి. మనిషి?”

“మనిషికి చేతులు రెండున్నాయి కదా.”

ఆవిడ మైకు గొంతుతో, “ప్రయాణికులకు మనవి. ఈ బస్సు ఎక్కడికి వెళ్తుందో డ్రైవరుకి తెలియదు” అని లోపలికి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళకి వ్యాపారం అర్థం కాదు. ఈ మాట ఇక్కడ రాశానని ఆవిడకి తెలియకూడదు.

మార్చి 11, సోమవారం

సెలవు రోజు పని పెట్టుకుని బెంచీ బయటికి లాగాను. ఎదురుగా టీ కొట్టాయన, “పారేస్తున్నావా? పారేసేదేదో ఇటు పారెయ్” అన్నాడు. రోడ్డు దాటించి ఇచ్చాను. “నాకిక అక్కర్లేదు, ఇది నీదే” అని కూడా అన్నాను. అలా అంటే దర్జాగా ఉంటుందని అన్నాను.

షాపులో ఇప్పుడు రెండు కుర్చీలు. ఫొటో తీసి తోడల్లుడికి పంపాను. బొటనవేలు బొమ్మ పంపాడు. కుళ్ళుకుని ఉంటాడు.

మార్చి 12, మంగళవారం

కొత్త కుర్చీకి మొదటి బేరం కానిస్టేబులు. ఆరడుగుల మనిషి. తన బూట్ల చప్పుడు వింటేనే దొంగలు పారిపోతారని ఆయనే చెబుతుంటాడు. కూర్చోబెట్టి, మెడకి గుడ్డ కట్టి, పైన దీపం వేశాను. కళ్ళు గట్టిగా మూసుకుని నోరు బార్లా తెరిచాడు.

“కటింగే కదా సార్” అన్నాను.

“నాకు తెలుసయ్యా. నోటికి తెలియడం లేదు” అన్నాడు, తెరిచిన నోటితోనే.

ఎంత ప్రయత్నించినా మూతపడలేదు. కత్తిరించినవి లోపల పడుతున్నాయని వెనక్కి వంచుదామని మీట తొక్కాను. కుర్చీ పూర్తిగా పడుకుంది. మళ్ళీ తొక్కితే లేవలేదు. పడుకున్న మనిషికి తల వెనక ఎలా కత్తిరించాలో నాన్న నేర్పలేదు. ముందు సగం చేసి, పక్కకి దొర్లించి దింపాను. వెనక సగానికి రేపు రమ్మన్నాను.

కొత్త సామాను అన్నాక చిన్న చిన్నవి ఉంటాయి.

మార్చి 13, బుధవారం

కానిస్టేబులు రాలేదు. డ్యూటీలో ఉండి ఉంటాడు.

మార్చి 14, గురువారం

ఇవాళ జరిగినదాంట్లో నా తప్పు సగమే.

పాత కుర్చీలో ఒకాయన కూర్చున్నాడు. కటింగ్ చేసి, మీసం తీసెయ్యమన్నాడు. కొత్త కుర్చీలో మా రిటైరైన పోస్టుమాను గడ్డానికి పడుకున్నాడు. ఆ కుర్చీలో కూర్చోవడమంటూ ఇక లేదు, పడుకోవడమే. ఇద్దరికీ ఒకేసారి చేయడంలోనే కదా రెండు కుర్చీల సుఖం. ఇటు రెండు కత్తిరింపులు, అటు రెండు గీతలు. ఇటు, అటు. ఇటు, అటు. ఆరోసారి తిరిగేసరికి మీసం ఎవరు తీయమన్నారో చేతికి గుర్తు లేదు.

సగం తీశాక పోస్టుమాను కళ్ళు తెరిచాడు. ముప్పై ఏళ్ళ మీసం అది. ఎండకీ వానకీ అదే ముందు, ఆయన వెనక, ఊరంతా ఉత్తరాలు పంచారు. అద్దం అందించాను. చాలాసేపు చూసుకున్నాడు. “మిగతాది కూడా తీసెయ్. ఒంటరిగా బాగుండదు” అన్నాడు.

మార్చి 15, శుక్రవారం

మాస్టారు వచ్చారు. గొడుగు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయారు. బెంచీ ఉండాల్సిన చోటు చూశారు.

“రండి మాస్టారూ. రెండు కుర్చీలూ ఖాళీయే. ఇక మీరు ఎదురుచూడాల్సిన పని లేదు” అన్నాను. గర్వంగానే అన్నాను.

“రెండూ ఖాళీయేనా?”

“రెండూను. మీదే వంతు.”

ఆయన తల తడుముకున్నారు. అక్కడ ఏమీ లేదు. చెయ్యి దించేశారు. “ఇంకా పెరగలేదులే అబ్బాయ్. పెరిగాక వస్తాను” అని, గొడుగైనా మూయకుండా వెనక్కి తిరిగారు.

పెరగడానికి ఎన్నాళ్ళు పడుతుందో లెక్కల మాస్టారికి నేను చెప్పాలా.

మార్చి 16, శనివారం

మాస్టారు రాలేదు. నాకేం.

మార్చి 17, ఆదివారం

షాపు ప్రశాంతంగా ఉంది. ఇంతకుముందు ఖాళీ ఉంటే ఒక్క కుర్చీయే ఖాళీగా ఉండేది. ఇప్పుడు రెండు. ప్రశాంతత రెట్టింపయింది.

మార్చి 19, మంగళవారం

కానిస్టేబులు డ్యూటీ ఎక్కడో తెలిసింది. ఎదురు టీ కొట్టులో, నా బెంచీ మీద. పక్కన పోస్టుమాను. మీసం లేకపోయేసరికి మొదట ఎవరో అనుకున్నాను. ఇంకా ఇద్దరు ముగ్గురు నావాళ్ళే. అందరూ గ్లాసులు పట్టుకుని, నా షాపు వైపు తిరిగి కూర్చున్నారు. టీ పోసినప్పుడల్లా అలవాటు కొద్దీ ఒక మనిషి మేర పక్కకి జరుగుతున్నారు. జరిగి ఎక్కడికి వెళ్తారు, అక్కడ కుర్చీ కూడా లేదు.

నేను చూడలేదు. అద్దం తుడుస్తుంటే అద్దంలో కనబడింది.

మాస్టారు అక్కడా లేరు. నాకేం.

మార్చి 21, గురువారం

పొద్దున్నించి ఎవరూ రాలేదు. కొత్త కుర్చీ మీద జనానికి ఎందుకింత అనుమానమో తెలుసుకుందామని నేనే పడుకున్నాను. నడుముకి హాయిగా ఉంది. లేద్దామంటే లేవలేకపోయాను. కాళ్ళు పైన, తల కింద. మీట చేతికందదు.

మధ్యాహ్నం మా ఆవిడ క్యారేజీ తెచ్చింది.

“ఎంతసేపయింది?” అంది.

“ఇప్పుడే.”

“టీ కొట్టాయన రెండు గంటలంటున్నాడు.”

“ఉండొచ్చు.”

“సుఖంగా ఉందా?”

“ఉంది” అన్నాను. లేదని ఎలా అంటాను.

“అయితే ఉండండి” అని క్యారేజీ నా పొట్ట మీద పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది. చివరికి కానిస్టేబులు వచ్చి దొర్లించాడు. దొర్లించి, మళ్ళీ వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన తల వెనక సగం ఇంకా అలాగే ఉంది.

మార్చి 24, ఆదివారం

మాస్టారికి ఒంట్లో బాగుందో లేదో. నాకేం. ఊరికే రాశాను.

మార్చి 31, ఆదివారం

“అన్నయ్యా, రేపు నీ షాపులో కదా” అని తోడల్లుడి ఫోను. ఇప్పుడు వాడొచ్చి ఈ రెండు ఖాళీ కుర్చీలూ చూడాలా? చాలా రద్దీగా ఉంది, ఈ నెల కుదరదన్నాను.

“సోమవారం సెలవు కదా, రద్దీ ఏమిటి?” అన్నాడు.

“సెలవు రోజు కూడా రద్దీగా ఉంది” అన్నాను.

ఏప్రిల్ 1, సోమవారం

పధ్నాలుగేళ్ళలో మొదటిసారి నా తల నేనే చేసుకున్నాను. ముందొక అద్దం, వెనకొక అద్దం. అందులో పెద్ద విద్యేమీ లేదు. ఎడమ పక్క చాలా బాగా వచ్చింది. కుడి పక్క కొంచెం ఎక్కువున్నట్టనిపించి తగ్గించాను. అప్పుడు ఎడమ పక్క ఎక్కువున్నట్టు కనిపించింది. దాన్ని తగ్గించాను. అద్దంలో ఎడమ కుడవుతుంది, కుడి ఎడమవుతుంది, దానికి నేనేం చేయను. ఇలా కాసేపు న్యాయం చేశాను.

నాన్న ఒక మాట అనేవాడు. కత్తెరకి పదునుంటే సరిపోదురా, చేతికి చాలు అనేది తెలియాలి అని. కుర్చీలో కూర్చున్నవాడు చాలంటాడు, మనం ఆపుతాం. ఇవాళ కూర్చున్నదీ నేనే, కత్తిరించిందీ నేనే. చాలనేవాడు లేకపోయాడు.

ఏప్రిల్ 2, మంగళవారం

టోపీ పెట్టుకున్నాను. గాలి తగలకుండా.

మా ఆవిడ టోపీ తీసి చూసింది. కుర్చీలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలాసేపు భుజాలు ఊపింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు.

ఏప్రిల్ 3, బుధవారం

కొత్త బేరం వచ్చింది. ఉక్కగా ఉండి టోపీ తీశాను. ఆయన నా తల చూశాడు, కత్తెర చూశాడు, “మళ్ళీ వస్తాను” అన్నాడు.

ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది. ఇక్కడైనా నిజం రాసుకోవాలి కదా. నాకు బాధగా ఉంది. బెంచీ ఉన్నప్పుడు, దాని మీద నలుగురు కూర్చుని ఉన్నప్పుడు, నాకు ఏమీ తక్కువ లేదు. తక్కువైందని ఇంకొకడు చెబితే తెలిసింది.

సాయంత్రం మా ఆవిడ కూరగాయలు తరుగుతూ, “మీ మాస్టారు రోజూ బస్టాండుకి వస్తున్నారు” అంది.

“ఎక్కడికి వెళ్తున్నారట?”

“ఎక్కడికీ వెళ్ళడం లేదు. వచ్చి హాల్లో కూర్చుంటారు. బస్సొచ్చి అందరూ లేస్తే ఆయన కూడా లేస్తారు. పక్కవాళ్ళని ‘మీరెక్కండి, నాకు తొందరేం లేదు’ అని, ఆ చివరి సీటుకి వెళ్ళి కూర్చుంటారు. మూడు వారాలైంది.”

“మరి నాకు చెప్పలేదేం?”

“మీరడిగితే కదా. మీ డైరీలోనేమో నాకేం, నాకేం అని రాసుకుంటున్నారు.”

డైరీ చదువుతోందన్నమాట. అయితే మార్చి పదో తారీకుది కూడా చదివే ఉంటుంది. ఈ మధ్య కూరలు అంత కారంగా ఎందుకుంటున్నాయో ఇప్పుడు తెలిసింది.

ఏప్రిల్ 4, గురువారం

షాపు కట్టేసి బస్టాండుకి వెళ్ళాను. మాస్టారు వెనక వరసలో గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు. పక్కన కూర్చున్నాను.

“ఏ ఊరు మాస్టారూ?”

“ఏ ఊరూ లేదు అబ్బాయ్.” మొహమాటపడ్డారు. “ఇక్కడ ఫాన్లు బాగున్నాయి.”

ఒక బస్సు వచ్చింది, వెళ్ళింది. మా ఆవిడ గొంతు ఇంకో బస్సు సంగతి చెప్పింది. ఇంట్లో కంటే మైకులోనే మెత్తగా ఉంటుంది.

“ఇల్లు బాగానే ఉంటుందోయ్” అన్నారు మాస్టారు, నేనేమీ అడగకుండానే. “లోటేం లేదు. కాకపోతే ఇంట్లో ఎప్పుడూ నా వంతే. తలుపు తీయాలన్నా నేనే, అన్నం తినాలన్నా నేనే. మాట్లాడితే మళ్ళీ వినాల్సింది కూడా నేనే. మా ఆవిడ ఉన్నప్పుడు అన్నిటికీ ఆవిడ తరవాతే నేను. నీ బెంచీ మీద నా ముందొకడుండేవాడు, వెనకొకడుండేవాడు. నాకది చాలు. ఆ తాళంచెవి కన్నం దాటితే మాత్రం దిగులేసేది, వంతు దగ్గరికొచ్చేస్తోందని.”

రెండూ ఖాళీయే, మీదే వంతు అని గర్వంగా చెప్పింది నేనే.

“ఆ టోపీ ఏమిటి?” అన్నారు.

తీసి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని అటు నుంచీ ఇటు నుంచీ పరీక్షగా చూశారు. “ఎనిమిదో తరగతిలో కూడా అంతే. రెండు పక్కలా సమానం చేయడం నీకెప్పుడూ రాలేదు” అన్నారు.

ఏప్రిల్ 5, శుక్రవారం

టీ కొట్టాయన్ని బెంచీ అడిగాను.

“నీదే అన్నావుగా” అన్నాడు.

“అన్నాను.”

“దర్జాగా అన్నావు.”

“అన్నానయ్యా.”

“ఇదొచ్చాకే నా కొట్టుకి కళొచ్చింది. ఎలా ఇస్తాను?”

బెంచీ మీదున్న నలుగురూ నా వంక చూస్తున్నారు. పోస్టుమానుకి మీసం కొంచెం మొలిచింది. మాస్టారి సంగతి చెప్పాను. బస్టాండులో ఏ బస్సూ ఎక్కకుండా కూర్చుంటున్నారని చెప్పేసరికి గ్లాసులన్నీ కిందకి దిగాయి. కానిస్టేబులు గొంతు సవరించుకుని, మొదటిసారి టీ కొట్టాయన వంక డ్యూటీలో చూసినట్టు చూశాడు.

“నడుం నొప్పితో చస్తున్నాను. రోజంతా నిలబడే పని నాది. పడుకునేది ఏదైనా ఇస్తే ఆలోచిస్తాను” అన్నాడు టీ కొట్టాయన.

పడుకునేది నా దగ్గరొకటి ఉంది.

ఏప్రిల్ 8, సోమవారం

రమ్మనకుండానే తోడల్లుడు వచ్చాడు, కత్తెర పెట్టెతో. నెల దాటితే ఉండలేకపోయాడట. టోపీ తీశాను. వాడు నవ్వలేదు. వాడి వృత్తిధర్మం నాకు నచ్చింది. తరవాత నవ్వాడు, గోడకి ఆనుకుని, కూర్చుని.

ఆ తల ఒక దారికి తేవడానికి గంట పట్టింది. పనిలో ఉండగా వాడే మొదలుపెట్టాడు. “అన్నయ్యా, ఆ రోజు ఒక్క కుర్చీయేనా అని గొప్ప కోసమే అన్నాను. అన్నాక నాకే బాగాలేదు. నా సెలూన్లో నేను కత్తెర పట్టి ఎన్నాళ్ళయిందో తెలుసా? ఈ కుర్చీ దీపం పోయింది, ఆ కుర్చీ మనిషి రాలేదు, ఎప్పుడూ ఇదే. నెలకొకసారి నీ తలే నా పని. అది కూడా నువ్వే చేసేసుకుంటే నేనేం కావాలి?”

“ఇంకెప్పుడూ చేసుకోను” అన్నాను. వాడి మీద కోపం పోయింది. కత్తెరలో వేలు ఇరుక్కున్న సంగతి కూడా ఇక ఎవరికీ చెప్పను.

బెంచీ మీదున్న ఇద్దరిని కూడా పిలిచి పళ్ళ డాక్టరు కుర్చీని రోడ్డు దాటించాం. కానిస్టేబులు నడిరోడ్డున నిలబడి, చెయ్యి చాపి, రెండు సైకిళ్ళనీ ఒక కుక్కనీ ఆపాడు. టీ కొట్టాయన కుర్చీ ఎక్కి పడుకున్నాడు. మళ్ళీ లేవదని ముందే చెప్పాను. “లేవాలని ఎవడికుంది” అన్నాడు కళ్ళు మూసుకుని. నోరు తెరుచుకుంది.

బెంచీ తిరిగి వచ్చింది. టీ మరకలు తుడిచాను. కన్నం అలాగే ఉంది.

ఏప్రిల్ 9, మంగళవారం

బీరువా మరీ ఒరిగిపోయిందని మా ఆవిడ డైరీ అడుగుతోంది. ఇవాళ్టిది రాసి ఇచ్చేస్తానన్నాను.

పొద్దున్నే బెంచీ నిండింది. కానిస్టేబులు, పోస్టుమాను, ఇంకో ముగ్గురు. మొట్టమొదట కానిస్టేబులు తల వెనక సగం పూర్తి చేశాను. నాలుగు వారాల తేడా కలపడం మాటలు కాదు. పనైపోయినా ఆయన వెళ్ళలేదు, మళ్ళీ బెంచీ ఎక్కాడు. అందరూ జరిగారు. గుమ్మం వైపు కొస ఖాళీగా ఉంది. పదకొండయింది, మాస్టారు రాలేదు. నేను వెళ్ళి పిలుచుకొద్దామంటే కుర్చీలో మనిషి సబ్బు నురగతో ఉన్నాడు. మా ఆవిడకి ఫోను చేశాను.

“ఉన్నారు, వెనక వరసలో” అంది.

“బెంచీ వచ్చేసిందని చెప్పు. ఒకసారి పిలువు.”

“పిలిస్తే మొహమాటపడతారండీ. మీకెందుకు, ఫోను పెట్టెయ్యకండి” అంది. అంతలో బస్టాండు మైకు గరగరలాడింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆవిడ ఆ మైకులో బస్సుల సంగతి తప్ప ఇంకొక ముక్క మాట్లాడలేదు. ఫోను అందరికీ వినబడేలా పెట్టాను. కత్తి ఆపాను.

“ప్రయాణికులకు మనవి. టీ కొట్టు ఎదురుగా ఉన్న సెలూన్లో కుర్చీ ఖాళీ లేదు. వచ్చినవారు చాలాసేపు కూర్చోవలసి ఉంటుంది. ఎంతసేపన్నది చెప్పలేము. అసౌకర్యానికి చింతిస్తున్నాము.”

తరవాత ఫోనులో మామూలు గొంతుతో, “గొడుగు వెతుక్కుంటున్నారు” అంది.

పావుగంటలో వచ్చారు. గుమ్మంలో ఆగి లోపలికి చూశారు. కుర్చీలో ఒకడు, బెంచీ మీద నలుగురు. “చాలామంది ఉన్నారే” అన్నారు, మొహం విప్పారి. పోస్టుమాను జరిగాడు. మాస్టారు గొడుగు మూసి, కొసన కూర్చున్నారు. నాలుగు అడుగులు వేస్తే గోడ తగిలే నా షాపు, ఒక కుర్చీ, ఒక తలుపు చెక్క, దాని మీద ఐదుగురు. ఇంతకంటే నాకేం కావాలో కత్తెర ఆడిస్తూ ఎంత ఆలోచించినా తట్టలేదు.

కన్నం దాటారు. వంతు వచ్చింది. “నువ్వెళ్ళు నాయనా” అని కొసకి వెళ్ళారు. మధ్యాహ్నం ఇంకోసారి వచ్చింది. మళ్ళీ వెళ్ళారు. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, ఇక వంతు ఇవ్వడానికి ఎవరూ లేక, కుర్చీ ఎక్కారు.

మెడకి గుడ్డ కట్టాను. రెండు చెవుల దగ్గరా ఉన్నది ఒక నిమిషం పని. మిగతా పావుగంటా ఆ నున్నటి తల చుట్టూ గాలిలోనే కత్తెర ఆడించాను. ఆయన కళ్ళు మూసుకుని వింటూ కూర్చున్నారు.

“చాలు అబ్బాయ్” అన్నారు ఆఖరికి.

ఆపాను. గుడ్డ దులిపి, మెడ మీద బ్రష్షు వేశాను. ఆయన గొడుగు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

“రేపు కూడా ఖాళీ ఉండదా?”

“ఉండదు మాస్టారూ” అన్నాను.